చీపురు పట్టే ఆట

ఇబ్రి దాటాక, కంపెనీ క్యాంపు,
మే 1977

గౌరవనీయులైన అక్కగారికి,

ప్రభువు నామమున వందనములు.

ఈ ఉత్తరం రాస్తున్నందుకు నిన్నూ, నాకు బి.ఏ. పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయాన్నీ, దీన్ని మోసుకొచ్చిన లారీనీ, ఆ లారీ తొక్కిన ఇసుకనూ ముందుగానే క్షమాపణ వేడుకుంటున్నాను. ఇందులో జీతం పెరిగిన కబురు లేదు. ప్రార్థన మానేశానన్న ఒప్పుకోలు లేదు. చదివిన వాళ్ళకు జ్ఞానం పెరిగే మాట ఒక్కటీ లేదు. ఉన్నదల్లా ఒక ఆట గురించి. అది ఆటేనా కాదా అని క్యాంపంతా రెండుగా చీలిపోయి, చదువుకున్నవాడివి కదా తీర్పు చెప్పమని నా నెత్తిన పెట్టారు. తెలియదని ఒప్పుకోవడం పట్టభద్రుడికి మర్యాద కాదు గనక నీ నెత్తిన పెడుతున్నాను.

సంగతి ఇది. నా పై అధికారి డంకన్ దొర గురించి రాశాను కదా, స్కాట్లండు మనిషి, శీతల యంత్రాల ఇంజినీరు. నేను ఆయన స్టోరు గుమాస్తాను. ఇక్కడ మాంసం నిలవ చేయడానికి కొత్తగా పొడుగాటి కోల్డ్ స్టోరేజీ షెడ్డు కట్టారు. మాంసం ఓడ రావడానికి ఇంకా నెలలు పడుతుంది. ఈలోగా యంత్రాలను పరీక్షించాలన్న వంకతో దొర ఏం చేశాడో తెలుసా? నేలంతా నీళ్ళు పోయించి గడ్డ కట్టించాడు. బయట రేకు ముట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కే ఎండ. తలుపు తీసి లోపలికి అడుగుపెడితే, పళ్ళు టకటక కొట్టుకునే చలి. ఒమాన్ మొత్తం మీద దుప్పటి కప్పుకుని డ్యూటీకి వెళ్ళేది మేమే.

ఆ మంచు మీద ఆడే ఆట పేరు కర్లింగ్. బరువైన గుండ్రటి రాయికి పిడి పెట్టి, ఈ కొసన కూర్చుని మెల్లగా ముందుకు తోసి వదిలేస్తారు. ఆ కొసన రంగుతో గీసిన వలయాలు ఉంటాయి. ఎవరి రాయి వలయాల నడిమికి దగ్గరగా ఆగితే వాళ్ళకు పాయింటు. ఇక్కడ ఆ రాళ్ళు దొరకవు కదా, మెస్సులో ఉన్న ఎనామిల్ బేసిన్లన్నీ లాక్కుని వాటిలో సిమెంటు పోసి తయారు చేశారు. వంటమనిషి ఖమరుద్దీన్ హైదరాబాదు వాడు. వారం రోజులు మాతో మాట్లాడలేదు. "ఇది ఖేల్ కాదు సాబ్, నా బేసిన్లకు జనాజా" అన్నాడు, శవయాత్ర అని అర్థం.

ఆట మొదలు పెట్టే ముందు మంచు మీద డబ్బాతో నీళ్ళ చుక్కలు చల్లుతారు. అంటే కళ్ళాపి. అవతల వలయాలు, అంటే ముగ్గు. చూశావా? మన ఊళ్ళో ప్రతి గుమ్మం ముందూ ఆడవాళ్ళు పొద్దున్నే ఆడేసి ఇంట్లోకి పోయే ఆట ఇది. దీనికి నాలుగు వందల ఏళ్ళ చరిత్ర ఉందని డంకన్ దొర ఛాతీ విరుచుకుంటున్నాడు.

అసలు విశేషం చివరికి దాచాను. సర్వే క్యాంపు వాళ్ళతో పోటీకి దిగాలంటే జట్టుకు నలుగురు కావాలి. డంకన్ దొర, ఆయన స్నేహితుడు బెయిలీ దొర, మా క్యాంపులో పనిచేసే పోచన్న, నాలుగోవాణ్ణి నేను! నా పాత్ర చాలా కీలకమట. దొర స్వయంగా అన్నాడు. యెహెజ్కేలు అనడానికి నోరు తిరగక నన్ను జీక్ అంటున్నాడనుకో, కీర్తికి అదెంత అడ్డు?

కాబట్టి, పరుగు లేని, దెబ్బ తగలని, గడ్డ కట్టే చలిలో దుప్పటి కప్పుకుని ఆడేది ఆట అవుతుందా కాదా, నీ తీర్పు రాసి జహీరుద్దీన్ లారీలో పంపు.

నీ క్రీడాకారుడైన తమ్ముడు,
యెహెజ్కేలు


హమ్రియా, మస్కట్,
జూన్

ఒరేయ్ క్రీడాకారుడా,

నీ ఉత్తరం అందింది. చదువుతూ వార్డులో గట్టిగా నవ్వాను. మంచం మీద ఉన్న ముసలమ్మ తన ఎక్స్‌రే చూసి నవ్వుతున్నాననుకుని ఏడ్చింది. ఆమెను ఊరుకోబెట్టేసరికి నా పని అయింది. ఇకమీదట నీ ఉత్తరాలు గదికి వచ్చాకే చదువుతాను.

నా తీర్పు కావాలా? కాదు. ఆట కాదు. మనం చూసిన ఆటలేవి? కబడ్డీ. దమ్ము పట్టాలి, మోకాళ్ళు చీరుకోవాలి. బాల్ బ్యాడ్మింటన్. నర్సింగు స్కూల్లో మేము ఆడిన టెన్నీకాయిట్‌కి కూడా చీర కొంగు బిగించి పరిగెత్తాలి. సిమెంటు బేసిను తోసి అది ఎక్కడ ఆగుతుందో నిలబడి చూడటం ఆటైతే, మా వార్డులో స్ట్రెచరు తోసే అక్బర్ ఎప్పుడో ఛాంపియన్.

అయినా నాకు సంతోషంగా ఉంది. మొన్న ఆదివారం ప్రార్థనకు మన వాళ్ళందరూ మా వార్డు నర్సు సారా వాళ్ళ గదిలో చేరారు. మా తమ్ముడు ఇంజినీర్లతో కలిసి ఆడుతున్నాడు, జట్టులో వాళ్ళతో సమానం అని చెప్పాను. ఏలియాగారైతే "ఆహా, సమానమే!" అని రెండుసార్లు అన్నారు. ఆయన కొడుకు సూర్‌లో మేస్త్రీ దగ్గర ఇటుకలు మోస్తున్నాడు. గొప్పలకు పోయానేమోనని తర్వాత అనిపించింది. ఫరవాలేదులే, ఈ దేశం వచ్చాక నేను గొప్పగా చెప్పుకున్నది ఇదొక్కటే.

రాయి వదిలేటప్పుడు నడుం జాగ్రత్త. నువ్వు ఎలా వదులుతావో, ఎంత దూరం పోతుందో రాయి. సారా అడుగుతోంది. మంకీ క్యాపు, ఊలు సాక్సులు పంపుతున్నాను. జూన్ నెలలో ఊలు సాక్సులు అడిగితే మత్రా బజారులో కొట్టువాడు నా వంక జాలిగా చూశాడు.

అక్క,
కృపాబాయి


ఇబ్రి క్యాంపు,
జూలై

తీర్పరి అక్కకు,

నీ తీర్పును క్యాంపు సభలో చదివి వినిపించాను. డంకన్ దొరకు అనువాదం చేసి చెప్పాను. ఆయన పైపు తీసి, "మీ అక్కగారు మహా మేధావి అయి ఉండవచ్చు, కానీ పొరబడ్డారు" అన్నాడు. స్ట్రెచరు పోలిక మాత్రం చెప్పలేదు. నా ప్రాణం మీద నాకు కొంచెం ఆశ ఉంది.

సభ మెస్సులో జరిగింది. నేను అధ్యక్షుణ్ణి. ఖమరుద్దీన్ వాదన: ఆటకు బంతి ఉండాలి. బంతి లేనిది ఆట కాదు. "మరి కుస్తీలో బంతేదిరా?" అని జహీరుద్దీన్ లేచాడు. కడప మనిషి, తాలింఖానాలో కుస్తీలు పడుతూ పెరిగాడు. "కుస్తీలో మనిషే బంతి" అని ఖమరుద్దీన్ జవాబు. దాంతో కాసేపు సభ వాయిదా పడింది. పోచన్నను అడిగితే, "లోపట సల్లగుంటది సారూ, గంతే నాకెరుక. ఆటనో గీటనో, తలుపు పెట్టుకుంటే సాలు" అన్నాడు. క్యాంపులో చీపురు డ్యూటీ, బాత్రూముల డ్యూటీ అతనిదే కాబట్టి ఆ చల్లదనం విలువ అతనికి తెలిసినట్టు ఎవరికీ తెలియదు.

ఈ ఆటను పూర్వం ఒలింపిక్సులో కూడా ఆడారని బెయిలీ దొర చెప్పాడు. "మరి తీసేశారేం?" అన్నాను. ఆయన కాఫీ తాగాడు.

అధ్యక్షుడిగా నా అభిప్రాయం అడిగావు కాబట్టి (అడగలేదని తెలుసు) చెబుతున్నాను. పరుగే కొలత అయితే జట్కా గుర్రం మనకన్నా గొప్ప క్రీడాకారుడు. చెమటే కొలత అయితే ఈ దేశంలో రోడ్డు వేసే ప్రతివాడికీ పతకం ఇవ్వాలి. కాబట్టి కొలత ఇంకేదో ఉండాలి. ఆ ఇంకేదో ఏమిటని అడక్కు, ఇప్పుడే డ్యూటీ గంట కొట్టారు.

సాక్సులు దివ్యంగా ఉన్నాయి. సారాగారికి నా వందనాలు చెప్పు. రాయి బాగా పోతోందని చెప్పు.

నీ తమ్ముడు,
జీక్ అను యెహెజ్కేలు


హమ్రియా,
జూలై ఆఖరు

యెహెజ్కేలూ,

"రాయి బాగా పోతోంది" అన్నావు. నువ్వు ఎలా వదులుతావని అడిగాను. దానికి జవాబు రాయలేదు. రెండోసారి చదివితే గానీ నాకు తట్టలేదు.

జహీరుద్దీన్ ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చి ఉత్తరం ఇచ్చాడు. ఇచ్చి వెళ్ళిపోకుండా అక్కడే నిలబడ్డాడు. పక్కన సారా ఉంది.

"అక్కా, తప్పుగా అనుకోవద్దు," అన్నాడు. "మీ తమ్ముడు బి.ఏ. అంటిరి గదా. ఆయప్పకు ఏం కష్టమొచ్చిందబ్బా? గోరా దొరలు రాయి తోస్తాంటే ముందర వంగి ఝాడూ కొడ్తాండాడు. నేను కండ్లారా చూసినా."

"అదొక ఆటలే అన్నా," అని సారా నాకోసం సర్దబోయింది.

"ఆటేమో నాకు తెల్దు చెల్లెమ్మా. తోసేది వాళ్ళు, ఊడ్చేది వీళ్ళు. మా లారీ షెడ్డులోనూ అంతే, దాన్ని ఆట అనుకోలా."

నేను వార్డులోకి వెళ్ళి ఇంజెక్షన్లు ఇచ్చాను.

నీకు ఒకటి చెప్పాలి. ఎప్పుడూ చెప్పలేదు. మిషను హాస్టల్లో మెస్సు ఫీజు కట్టలేని పిల్లలు పొద్దున ప్రార్థనకు ముందు పని చేయాలి. మన పేట నుంచి వచ్చిన వాళ్ళకు ఏ పని ఇస్తారు? చీపురే. నాయన మున్సిపాలిటీలో పట్టింది, అమ్మ ఆస్పత్రి వరండాలో పట్టింది, నా చేతికీ అదే. నువ్వు ఆరేళ్ళ వాడివిగా వచ్చినప్పుడు నీకూ ఒక చీపురు తీసి పెట్టారు. చిన్నది, ఎవరో అరగదీసింది. నేను వార్డెనమ్మ దగ్గరికి వెళ్ళి, వాడి వంతు కూడా నేనే ఊడుస్తానండీ, వాణ్ణి చదువుకోనివ్వండి అన్నాను. నువ్వు హైస్కూలు దాటిందాకా అలాగే చేశాను. బైబిలు వాక్యాలు బాగా అప్పచెబుతావని నిన్ను పనికి పంపట్లేదని అనుకునేవాడివి. ఆ మాట అందరికీ చెప్పుకునేవాడివి కూడా. నేను సరిదిద్దలేదు.

నువ్వు ఏ ఆట ఆడినా నాకు అభ్యంతరం లేదు. ఒక్కటి చెప్పు. రాయి వేసే వంతు నీకు ఎప్పుడైనా వచ్చిందా? నీ రాయి ముందు వాళ్ళెవరైనా చీపురు పట్టారా?

తమాషా చేయకుండా రాయి.

కృపాబాయి


ఇబ్రి క్యాంపు,
ఆగస్టు

అక్కా,

నిజమే. నేను ఊడుస్తాను. పోచన్నా నేనూ. రాళ్ళన్నీ డంకన్ దొర, బెయిలీ దొర పంచుకుని వేస్తారు. రాయి వేసే వంతు నాకు రాలేదు. అడగలేదు.

హాస్టలు సంగతి చదివాను. మొదటి రోజు ఇక్కడ చీపురు చేతికిచ్చినప్పుడు నాకు పట్టుకోవడం రాలేదు. కొస ఒకవైపే పడుతోంది. పోచన్న పకపకా నవ్వి, "ఎన్నడు పట్టలేదా సారూ? గొప్పింట్ల పుట్టినవ్ లే" అన్నాడు. ఆ మాటకు నేను గర్వపడ్డాను. అది ఎవరి చలవో నీ ఉత్తరం వచ్చిందాకా తెలియదు.

ఇది ఎగతాళి కాదు, విను. వదిలాక ఆ రాయిని ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే అది లెక్కలోకి రాదు. కానీ దాని ముందు మంచును గట్టిగా రుద్దుతూ పోతే మంచు కాస్త నునుపెక్కి రాయి ఇంకొంత దూరం పోతుంది, దారి కూడా తిన్నగా ఉంటుంది. అంటే వదిలినవాడి చేతిలో లేని రాయి ఊడ్చేవాడి చేతిలో ఉంటుంది. ఆగిపోబోయే రాయిని నేనూ పోచన్నా గుండెలు పగిలేలా ఊడ్చి ముగ్గు నడిమికి చేర్చినప్పుడు, అక్కా, నా ఒళ్ళంతా ఝల్లుమంటుంది. నిలబడి చూసేది ఆట కాదన్నావు. మంచులో నా చొక్కా తడిసిపోతుంది. ఇది ఆట కాకపోతే నాలో ఆ ఝల్లు ఎందుకు?

ఆ మాటే పోచన్నతో అన్నాను. అతను బీడీ ఆర్పి, "నాకైతే జీతమిస్తున్రు ఊడ్వనీకి. నీకేమిస్తున్రు సారూ?" అన్నాడు.

నువ్వు అడగమంటావని తెలుసు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. సెప్టెంబరులో డంకన్ దొర సంతకం పెడితేనే ఉంటాను, లేకపోతే బొంబాయి విమానం. చెడ్డమనిషి కాదు. జ్వరం వస్తే నా గదికి తనే వచ్చి మాత్రలిచ్చాడు. అలాంటివాణ్ణి రాయి ఇవ్వమని ఎలా అడగను? అడిగితే నవ్వుతాడేమో. నవ్వితే నేనేమవుతాను?

నువ్వే చెప్పు. ఇది ఆటే కదా?

తమ్ముడు


హమ్రియా,
ఆగస్టు ఆఖరు

తమ్ముడూ,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగాను. మా మేట్రన్ కూడా స్కాట్లండు ఆవిడే. నీ సంగతని చెప్పకుండా, ఈ కర్లింగ్ అంటే ఏమిటండీ అని అడిగాను. ఆవిడ నవ్వడం మొదటిసారి చూశాను. చిన్నప్పుడు వాళ్ళ ఊరి చెరువు గడ్డ కడితే అందరూ ఆడేవారట.

"నలుగురూ తలా రెండు రాళ్ళు వేయాలి, నలుగురిలో ఎవరు వేస్తున్నా మిగతావాళ్ళు ఊడ్వాలి. మా ఊళ్ళో మాంసం కొట్టువాడి రాయి ముందు జడ్జిగారు ఊడ్చేవారు, ముక్కు కారుతున్నా తుడుచుకోకుండా," అంది.

"ఊడ్వడం తక్కువ కాదా అండీ?" అన్నాను.

ఆవిడకు నా ప్రశ్న అర్థం కాలేదు. రెండోసారి అడిగినా అర్థం కాలేదు. ఆ అర్థం కాకపోవడం చూసి నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత కుళ్ళుకున్నాను. చీపురు అంటే చీపురు మాత్రమే అయిన ఊళ్ళో పుట్టింది ఆవిడ.

కాబట్టి నా మొదటి తీర్పు తప్పు. అది ఆటే. జడ్జీ మాంసం కొట్టువాడూ వంతులేసుకుని వంగే పని మన ఊళ్ళో ఏదైనా ఉందా చెప్పు. కానీ మీ షెడ్డులో జరుగుతున్నది ఆ ఆట కాదు. ఇద్దరు ఆడుతున్నారు, ఇద్దరు ఊడుస్తున్నారు. నీ ఒంట్లో ఝల్లు అబద్ధమని అనను. నేను చాపెల్ ఊడుస్తున్నప్పుడు కిటికీలోంచి ఎండ పడితే నాకూ అలాగే ఉండేది. అంతమాత్రాన అది నా చాపెల్ కాలేదు.

ఊడ్చినందుకు నాకు సిగ్గు లేదురా. నీ వంతు నేను తీసుకున్నాను, అది నా ఇష్టం. నీ వంతు ఇంకొకరు తీసుకుంటే నువ్వు ఊరుకోవడమే నాకు మింగుడు పడటం లేదు.

అడుగు. నవ్వితే నవ్వనీ. సంతకం పెట్టకపోతే లారీ ఎక్కి వచ్చెయ్. సారా వాళ్ళన్న ప్రసాద్ బాబు రూమ్‌లో ఒక చాప ఖాళీ ఉందట, వేరే ఉద్యోగం దొరికిందాకా అన్నం నేను పంపుతాను. అడిగి పోగొట్టుకుంటే ఏలియాగారికి నేనే చెబుతాను. అడగకుండా ఖాయం చేయించుకుంటే మాత్రం, నాకు ఆట కబుర్లు రాయకు. మిగతావి ఏవైనా రాయి, చదువుతాను.

అక్క


ఇబ్రి క్యాంపు,
సెప్టెంబరు ఆఖరు

అక్కా,

మాంసం ఓడ వచ్చేసింది. మంచు తవ్వి పారేశారు. మొన్నటిదాకా ముగ్గు ఉన్నచోట ఇప్పుడు ఆస్ట్రేలియా గొర్రెలు వేలాడుతున్నాయి. తవ్వే ముందు అసలు పోటీ జరిగింది, అది చెప్పాలి.

సర్వే క్యాంపు నుంచి నలుగురు దొరలు వచ్చారు. వాళ్ళు ఆడుతుంటే చూశాను. మీ మేట్రన్ చెప్పినట్టే. వేసినవాడు లేచి చీపురు పట్టాడు, చీపురు పట్టినవాడు కూర్చుని వేశాడు. వాళ్ళ నాయకుడు, ఎర్రగడ్డం మనిషి, అందరికన్నా ఎక్కువ ఊడ్చాడు. మా వైపు ఎప్పటిలాగే. గోడ పక్కన ఖమరుద్దీన్, జహీరుద్దీన్ దుప్పట్లు కప్పుకుని నిలబడ్డారు. ఆఖరి దఫాకు ఇరువైపులా పాయింట్లు సమానం.

డంకన్ దొర రాయి మీద చెయ్యి వేశాడు. నేను చీపురు కింద పెట్టాను. అది పడిన చప్పుడు నాకే ఎక్కువగా వినిపించింది.

"దొరా, ఈ దఫా నా రాళ్ళు నేను వేస్తాను."

"ఇప్పుడా? ఈ దఫాలోనే కదా గెలుపు, జీక్!"

"తలా రెండు కదా దొరా? పోచన్నకు రెండు, నాకు రెండు."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, నాకు జవాబులు తయారుగా ఉన్నాయి. ఎర్రగడ్డం దొర గొంతు సవరించుకుని, "నియమం అదే డంకన్. మొదటినుంచీ అడుగుదామనుకుంటున్నాను" అన్నాడు. డంకన్ దొర చెవులు ఎర్రబడ్డాయి. నా వంక తిరిగి, "నీకు వేయాలని ఉంటుందని నాకు తట్టనే లేదు" అన్నాడు. అబద్ధం కాదక్కా. నిజంగానే తట్టలేదు. అది విన్నాక నాకు కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు.

ముందు పోచన్న. రెండు రాళ్ళనూ బండెద్దును తోసినట్టు తోశాడు. రెండూ ముగ్గు దాటిపోయి వెనక గోడకు కొట్టుకున్నాయి. "అల్లా! నా బేసిన్లు!" అని ఖమరుద్దీన్ అరిచాడు. పోచన్న నవ్వుకుంటూ వెళ్ళి పీపా మీద కూర్చున్నాడు.

నా వంతు వచ్చింది. ఊడ్వమని డంకన్ దొర పోచన్నకు సైగ చేశాడు. పోచన్న లేవలేదు.

"నాది డ్యూటీనా, ఆటనా అడుగు సారూ. డ్యూటీ అయితే ఐదింటికే అయిపోయింది. ఆటయితే, అలిసిపోయిన. జర కూసుంట."

నేను అనువాదం చేశాను. ఒక్క ముక్క వదలకుండా చేశాను. ఎర్రగడ్డం దొర అటు తిరిగి దగ్గాడు. బెయిలీ దొర ఒక చీపురు తీసుకున్నాడు. ఆయన ఒక్కడూ చాలడు. అవతల ముగ్గు దగ్గర నిలబడాల్సిన డంకన్ దొర నడిచి వచ్చి, నేను పడేసిన చీపురును వంగి తీసుకున్నాడు.

కూర్చున్నాను. పిడి చల్లగా ఉంది. వదిలాను.

రాయి కదిలింది. సగం దారి కూడా పోకముందే నీరసించింది. దాని ముందు ఇద్దరు దొరలూ నడుములు వంచి, చీపుళ్ళు రాపాడించుకుంటూ వెనక్కి వెనక్కి జరుగుతున్నారు. ఊడ్వమని అరవాల్సినవాడు ముగ్గు దగ్గర ఉండాలి. అక్కడ ఎవరూ లేరు. అందుకని నేను అరిచాను. "స్వీప్ దొరా! స్వీప్! ఆపకండి!" జహీరుద్దీన్ దుప్పటి జారిపోయింది, ఎత్తుకోలేదు. డంకన్ దొర మొహం ఎర్రగా కమిలిపోయింది, ముక్కు కారుతోంది, తుడుచుకోలేదు. ఆయన నిజంగా ఊడ్చాడక్కా. నా రాయిని చేర్చాలని, మరే ఆలోచనా లేకుండా, ప్రాణం పెట్టి ఊడ్చాడు. రాయి ముగ్గు అంచుకు కాస్త ఇవతలే ఆగిపోయింది. లెక్కలోకి రాలేదు.

రెండో రాయి సరిగ్గా ముగ్గు నడిమికి పోయింది. పోచన్న పీపా మీద నుంచి ఈల వేశాడు. అయినా అవతలి వాళ్ళ ఆఖరి రాయి దాన్ని కొట్టి పక్కకు నెట్టేసింది, ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాం.

అయ్యాక డంకన్ దొర మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆయాసపడుతూ, "మొదటి రాయికి చెయ్యి వణికింది, జీక్. ఎవరికైనా అంతే. నీకు ముందే ఇచ్చి అలవాటు చేసి ఉండాల్సింది, తప్పు నాది" అన్నాడు. తెల్లారి నా కాగితాల మీద సంతకం చేసి నా బల్ల మీద పెట్టాడు. ఉద్యోగం ఖాయమైంది. ఏలియాగారికి నిజం చెప్పవచ్చు.

అక్కడితో ఈ ఉత్తరం ముగించి, సారాగారికి వందనాలు రాసి, లారీకి ఇచ్చేద్దామనుకున్నాను. ఇచ్చి కూడా మళ్ళీ వెనక్కి తీసుకున్నాను.

ఇది ఆటేనా అని నిన్ను అడిగాను కదా. ఆటే. డంకన్ దొర ఆ రోజు ఆటే ఆడాడు. బెయిలీ దొర ఆడాడు. గోడకు కొట్టినా పోచన్న కూడా ఆడాడు. గట్టిగా వదిలిన రాయి దానంతటదే పోతుంది, దాని ముందు ఊడ్చే పని పెద్దగా ఉండదు. మెల్లగా వదిలినదాన్నే మొదటినుంచి చివరిదాకా వంగి ఊడ్చుకుంటూ తీసుకుపోవాలి. అన్నాళ్ళు ఊడ్చినవాణ్ణి, ఆ సంగతి అక్కడున్న అందరికన్నా నాకే బాగా తెలుసు.

మొదటి రాయికి నా చెయ్యి వణకలేదు అక్కా. కావాలనే మెల్లగా వదిలాను.

తమ్ముడు,
యెహెజ్కేలు